మాయమైన తలుపు స్టిక్కరు

ఏప్రిల్ పదమూడు. పొరుగింటి డాగ్నీ పంపిన హాట్‌డిష్ తిన్నాం. అడుగున మాంసం, పైన కరకరలాడే ఆలుగడ్డ ముక్కలు. మూడోసారి వడ్డించుకుంటూ నా స్నేహితుడు గోర్డీ ప్రకటించాడు.

"లీలండ్, మిన్నెసోటా మొత్తంలో ఈ కేసు ఛేదించగల మెదడు ఒక్కటే ఉందిరా. అదిప్పుడు నీ వంటింట్లో భోంచేస్తోంది!"

గోర్డీ ముప్పై ఏళ్ళు మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచి డిటెక్టివ్. ఈ కేసు నాది. కిందటేడు చలి చొరబడని తలుపు పెట్టించుకున్నందుకు ఆ ఏటి పన్నులో నాకు రెండువందల యాభై డాలర్లు తగ్గుతుంది. అయితే పన్ను కాగితంలో తలుపు స్టిక్కరు మీది నంబరు రాయాలి. ఆ స్టిక్కరు కనబడటం లేదు. తలుపు అమ్మినాయన కొట్టు ఎత్తేసి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. గడువు ఎల్లుండితో సరి.

ఆ డబ్బుతో నా భార్య సోల్వెగ్ పియానో బాగు చేయించాలని నా ఆశ. పాత తలుపు సందుల్లోంచి వచ్చే గాలికి దాని గొంతు పాడైంది. ఆమె పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు.

గోర్డీ వేలిముద్రల కోసం తలుపంతా పాన్‌కేక్ పిండి చల్లి, భూతద్దం పెట్టాడు.

"చిక్కాడు! పెద్ద చెయ్యి, వంకర బొటనవేలు. కరడుగట్టిన నేరస్థుడు!"

"అది నీ చెయ్యేరా."

"చూశావా, నేరం నా మీదికే నెడుతున్నాడు. గట్టివాడే!"

అంతలో డాగ్నీ వచ్చింది. పిండి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గోర్డీ ఆమెకు కుర్చీ చూపించి, దీపం ముఖం మీదికి తిప్పాడు.

"కిందటి శరదృతువులో, ఈ తలుపు పెట్టిన రోజు, మీరెక్కడున్నారు?"

"చర్చి విందులో. మీ పళ్ళెంలో నాలుగోసారి వడ్డించింది నేనే కదా!"

"విషయం మార్చకండి!"

"అసలు పోయిందేమిటి గోర్డీ?"

"దర్యాప్తు నడుస్తుండగా చెప్పకూడదు. పరమ రహస్యం."

"డాగ్నీ, పోయింది..." అని నేను నోరు తెరిచాను.

"నువ్వూరుకో! సాక్షికి అందిస్తావా?" అని గోర్డీ కసిరాడు. ఆలోచనకు బలం కావాలని గాజు గిన్నె రెండు చేతులా ఎత్తి, అడుగున మిగిలిన గ్రేవీని తిన్నగా నోట్లోకి వంపుకున్నాడు.

గిన్నె అడుగు నా కళ్ళెదుట నిలిచింది. ఓవెన్ వేడికి అంచులు మాడిన స్టిక్కరు. దాని మీద డాగ్నీ చేతిరాతలో నా పేరు. పేరు కింద నంబరు, ఒక్క అంకె చెదరకుండా.

"కదలకురా గోర్డీ!" అని అరిచి పెన్ను వెతుక్కున్నాను.

"ఓ, అదా?" అంది డాగ్నీ. "ఆ రోజు విందుకి నీ గిన్నెలో వండాను. మీ ఇంట్లో టేపు కనబడలేదు, తలుపు మీద ఇది కనబడింది. పేరు లేని గిన్నె చర్చికి పంపితే మళ్ళీ తిరిగొస్తుందా? అప్పట్నుంచీ ఇది నా దగ్గరే ఉండిపోయింది."

గోర్డీ గడ్డం తుడుచుకున్నాడు. "గిన్నె మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అందుకే ఖాళీ చేస్తూ వచ్చాను."

వాళ్ళు వెళ్ళబోతుంటే డాగ్నీ పియానో దగ్గర ఆగింది. "బాగయ్యాక చెప్పు. సోల్వెగ్ వాయించే పాట ఒకటి నాకు కొంచెం వచ్చు."

చలిగాలి రాకుండా ఈ గుమ్మం కింద సోల్వెగ్ రోజూ రాత్రి తువ్వాలు చుట్టి కుక్కేది. ఇప్పుడా అవసరం లేదు. తలుపు మీద గోర్డీ పిండి చేతిముద్రలు అలాగే ఉన్నాయి. తుడవబుద్ధి కాలేదు. చప్పుడు కాకుండా తలుపు వేశాను.