పదకొండు నీళ్ల టిన్నులు

బుధవారం పొద్దున్న ఎనిమిదిన్నర బస్సుకి టెక్కలి వెళ్లి, గురువారం పిత్తాశయం తీయించుకుని, శనివారం మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయాలని నాగసుధ అనుకుంది. ఆ ఏర్పాట్లలో ఎక్కడా లోపం లేదు. ఫ్రిజ్ ఖాళీ చేసింది. గ్యాస్ కట్టేసింది. ముందువైపు గుండీలున్న నైటీలు రెండు, ఫ్లాస్కు, ఛార్జరు, ఆధార్ కార్డు సంచిలో సర్దుకుంది. పలాసలో తను గుమాస్తాగా పనిచేసే జూనియర్ కాలేజీలో పది రోజులు సెలవు పెట్టి, కారణం దగ్గర ‘సొంత పనులు’ అని రాసింది. ఒంట్లోంచి ఓ ముక్క తీయించుకోవడం కంటే సొంత పని ఏముంటుంది?

ఎవరికీ చెప్పలేదు. ఆమెకు యాభై ఒక్క ఏళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు. ఇచ్ఛాపురంలో ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు జానకిరామ్‌తో పన్నెండేళ్లుగా మాటల్లేవు. అతని గృహప్రవేశం కార్డులో ఆహ్వానించేవారి వరసలో తోడల్లుడి తమ్ముడి పేరు కూడా ఉంది గాని, అక్క పేరు లేదు. ప్రెస్సువాడు మరచిపోయాడని అతను. అసలు ప్రెస్సువాడికి ఇవ్వనేలేదని ఆమె. ఆపరేషన్ సంగతి చెబితే ఎవరు వస్తారో, ఎవరు రారో తేలిపోతుంది. చెప్పకపోతే, ఎవరూ రాకపోవడానికి ఓ గౌరవమైన కారణం ఉంటుంది.

“ఎంట ఎవరొచ్చారమ్మా?” అని ఆసుపత్రిలో నర్సు అడిగింది.

“వస్తున్నారు” అంది నాగసుధ. ఆ వచ్చేవాళ్లు మూడు రోజులూ వస్తూనే ఉన్నారు.

అనర్థం బుధవారం మధ్యాహ్నమే మొదలైంది. స్కానింగ్‌కి పిలిచేదాకా కూర్చుందామంటే పై అంతస్తులో కుర్చీలు ఖాళీ లేవు. కింద ఓ బల్ల ఖాళీగా ఉంది, పైన ఫ్యాను బాగా తిరుగుతోంది. నాగసుధ దాని మీద కూర్చుంది. అది డయాలసిస్ గది ముందు బల్ల అని ఆమె పట్టించుకోలేదు. పది నిమిషాలకి ఆ గదిలోంచి వాళ్ల కాలేజీ అటెండరు చిరంజీవి, తండ్రిని పట్టుకుని నడిపించుకుంటూ బయటికి వచ్చాడు. తెలిసిన మొహం కనబడగానే నాగసుధ సగం లేచి నవ్వింది. చిరంజీవి తల వంచుకుని, ఆమె అక్కడ లేనట్టే వెళ్లిపోయాడు.

‘రోజూ నా బల్ల మీద టీ పెట్టే మనిషి. పలకరిస్తే ఏం పోయింది?’ అనుకుని ఆమె చాలాసేపు బాధపడింది.

చిరంజీవిది ఉద్దానం. బోరు నీళ్లతో వస్తుందనుకునే కిడ్నీల జబ్బు తగలని వీధి లేని చోట పుట్టినవాళ్లకి ఓ మర్యాద తెలుసు. ఆ గది ముందు ఎవరైనా కనిపిస్తే చూడనట్టు పోవాలి. ఎన్నాళ్ల నుంచి అని అడగకూడదు. జబ్బు పేరు ఎత్తకూడదు. తర్వాత వాళ్లింటికి వెళ్లి కూర్చోవాలి, చేతనైంది చేయాలి, మాట మాత్రం మరేదైనా మాట్లాడాలి. చిరంజీవి ఆ మర్యాదను అక్షరాలా పాటించాడు. తండ్రిని ఆటో ఎక్కించి, కాలేజీకి ఫోను చేశాడు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. పొట్ట మీద నాలుగు చిన్న బెజ్జాలు, వాటిమీద నాలుగు పట్టీలు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి శెనగగింజలంత రాళ్లు పదిహేడు ఇచ్చారు. పొట్టకంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. “లోపల నింపిన గ్యాసు వల్ల అలగే ఉంటాది. ఎవరైనా కాస్త రాత్తే తగ్గిపోద్ది” అని చెప్పి నర్సు వెళ్లిపోయింది. నాగసుధ ఎడమ చేత్తో అందినంత మేర రాసుకుంది.

శనివారం పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఆటో దిగేసరికి ఇంటివాళ్లు గేటు దగ్గరే ఉన్నారు. పాపారావు, గౌరమ్మ అక్కుపల్లి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. పాపారావు ఇప్పటికీ అక్కడి పడవల్లో వాటా ఉన్న మనిషి. ఏడేళ్లుగా మేడ మీద అద్దెకుంటున్న నాగసుధతో గౌరమ్మ మాట్లాడేదల్లా నీళ్ల మోటారు గురించే. అలాంటిది ఇప్పుడు సంచి లాక్కుని, చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆపుతూ పైకి తీసుకెళ్లింది.

“నీకెలా తెలిసింది గౌరమ్మా?”

“తెలుత్తాదిలేమ్మా. మాటాడకు, ఆయాసం వొత్తాది.”

వెనకే పాపారావు ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను భుజాన వేసుకుని వచ్చాడు. “ఇయ్యే తాగండి సుదమ్మగారూ. బోరు నీల్లు ముట్టకండి.”

నాగసుధకి కళ్లు చెమర్చాయి. ఆపరేషన్ అయినవాళ్లకి మంచినీళ్లు ఇవ్వాలని వీళ్లకి ఎంత బాగా తెలుసు! సాయంత్రం గౌరమ్మ ఉప్పు లేకుండా జావ కాచి తెచ్చింది. అదీ పథ్యమే అనుకుని తాగింది. మర్నాడు పొద్దున్న మాత్రం, “గౌరమ్మా, కొబ్బరి బొండం ఏదైనా దొరుకుతుందా? డాక్టరు తాగమన్నాడు” అని అడిగింది.

గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. కింద నుంచి ఆమె గొంతు వినిపించింది. “కొబ్బరి తోటల మద్దిన బతుకుతా బొండం తాగే రాత నేదు ఆ మడిసికి! డాట్రు కూడా తాగమన్నాడంటే, ఇంకేటుందని?”

నాగసుధకి ఏమీ అర్థం కాలేదు. పట్నంలో బొండాలు అయిపోయాయి కాబోలు అనుకుంది.

సోమవారం కాలేజీ కదిలి వచ్చింది. ప్రిన్సిపాల్ జగన్మోహనరావు, లెక్చరర్ అనిత, ఇంకో నలుగురు. ఒక్కొక్కరి వెనకా ఒక్కో నీళ్ల టిన్ను. జగన్మోహనరావు ఏడేళ్లలో ఆమెతో ‘ఫైలేదండీ’ తప్ప మరో మాట అనలేదు. ఇప్పుడు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, జీడిపప్పు ధర గురించి పావుగంట మాట్లాడి, లేచేముందు, “మీ సీటు కింద గదిలోకి మార్పించేశానమ్మా. మెట్లెక్కద్దు. మీరు లేకపోతే ఆఫీసు ఆఫీసులా లేదు” అన్నాడు.

నాగసుధకి పొట్ట మీద పట్టీలన్నీ ఒక్కసారిగా తేలికైనట్టనిపించింది. పిత్తాశయానికి లోకంలో ఇంత విలువ ఉందని తెలిస్తే ఎప్పుడో తీయించుకునేది.

మంగళవారానికి టిన్నులు పదకొండయ్యాయి. గదిలో చాలక వరండాలో పెట్టారు. వరండాలో చాలక మెట్ల మీద, మెట్టుకొకటి. “రెండొందల ఇరవై లీటర్లు. మేడ దిగిపోద్దేమోనే” అని పాపారావు కింద గౌరమ్మతో గుసగుసలాడాడు. “దిగితే దిగనీ. ఉన్నన్నాల్లైనా మంచినీల్లు తాగనీ” అంది గౌరమ్మ.

ఆ మధ్యాహ్నం భావనపాడు నుంచి సన్యాసమ్మ వచ్చింది. ఆమె పాపారావు వదిన. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. అందుకని మర్యాద పాటించక్కర్లేని హక్కు ఆమెకుంది. వచ్చి నేల మీద చతికిలబడి సూటిగా అడిగింది. “వారానికి ఎన్నిసార్లు ఎక్కించుకుంతన్నావమ్మా?”

“ఏంటి ఎక్కించుకోవడం?”

“నాకాడ దాసకు. మా ఆయన నాలుగేల్లు ఎక్కించుకున్నాడు. రెండుసార్లా, మూడుసార్లా?”

నాగసుధకి అప్పుడు అర్థమైంది. నీళ్ల టిన్నులు, ఉప్పులేని జావ, కిడ్నీ జబ్బువాళ్లు ముట్టకూడని బొండం దగ్గర ఏడుపు, సీటు మార్పు, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. ‘కాదు, నాకున్నది పిత్తాశయంలో రాళ్లు’ అనడానికి నోరు తెరిచింది కూడా.

ఈలోగా సన్యాసమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఇక్కడ పట్టేసిందేటి?” అంటూ వల లాగి లాగి కాయలు కాసిన చేత్తో గట్టిగా రాయడం మొదలుపెట్టింది. “బయపడకు. మనిసి తోడు లేకుండా ఆ గదిలోకి ఎల్లకూడదు. మంగలారం, సుక్కురారం నాను వత్తాను నీతోటి. నాకింక ఊల్లో పనేటుంది సెప్పు? ఆ కుర్సీలు నాకు అలవాటే.”

నాగసుధ నోరు మూసుకుంది. రేపు చెబుదాం అనుకుంది. భుజం నొప్పి తగ్గుతుంటే, తను చేస్తున్నది దొంగతనమని తెలుస్తూనే ఉంది. నిజంగా జబ్బు పడ్డవాళ్లకి దక్కాల్సిన చెయ్యి ఇది. అయినా ఆ చెయ్యి ఇంకో ఐదు నిమిషాలు ఉంటే బాగుండుననిపించింది.

రేపు చెబుదామనుకున్న బుధవారం పొద్దున్నే మెట్ల మీద టిన్నులు తన్నుకుంటూ ఎవరో వస్తున్న చప్పుడైంది. తలుపు దగ్గర జానకిరామ్ నిలబడ్డాడు. చేతిలో సూట్‌కేసు, చంకలో ఫైలు. మెడ మీద బంతిపూల రేకొకటి అంటుకుని ఉంది. అనిత ఆఫీసులో సర్వీసు రిజిస్టరు తీసి, నామినీ పేరు పక్కనున్న నంబరుకి ఫోను చేసిందట. పన్నెండేళ్ల కోపంలోనూ నాగసుధ ఆ పేరు మార్పించలేదు. బద్ధకం అని తనకు తాను చెప్పుకునేది.

“ఏటక్కా, ఇంత జరిగితే నాకు చెప్పవా?” జానకిరామ్ సూట్‌కేసు గుమ్మంలోనే దించాడు. ఫైలు తెరిచాడు. “చూడు, నాదీ ఓ పాజిటివే. బీపీ లేదు, షుగర్ లేదు. కిడ్నీ నేనిస్తాను. ఎల్లుండి విశాఖపట్నంలో టెస్టులకి అపాయింట్‌మెంటు తీసుకున్నాను. ఏమీ అనకు. శుభలేఖలో పేరు వేయించలేనోణ్ణి, కిడ్నీ ఇవ్వలేనా?”

“రాముడూ, కూర్చో.”

“కూర్చోను. మా ఆవిడ వద్దని ఏడ్చింది. మామగారు వచ్చి మాట్లాడారు. ఎవరి మాటా వినలేదు. మా స్కూలు టీచర్లంతా ఇచ్ఛాపురం స్టేషనుకొచ్చి దండ వేసి రైలెక్కించారు. హెడ్మాస్టరు రెండు ముక్కలు మాట్లాడారు కూడా.”

పొరపాటు ఇప్పుడు దండ వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇంక రేపు అనడానికి లేదు. నాగసుధ తలగడ కింద నుంచి ప్లాస్టిక్ డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

“కిడ్నీలు బాగానే ఉన్నాయి రా. పిత్తాశయంలో రాళ్లు. తీసేశారు. గాల్ బ్లాడర్.”

జానకిరామ్ డబ్బా ఆడించి చూశాడు. గలగలమంది.

“మరి దానికి… ఎవరైనా ఇవ్వాలా?”

“అక్కర్లేదు. అది లేకపోయినా బతకొచ్చు.”

“అంటే నేనేటీ ఇవ్వక్కర్లేదా?”

నాగసుధకి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. పొట్ట పట్టుకుని నవ్వుతూ మూలిగింది, మూలుగుతూ ఏడ్చింది. జావ గిన్నెతో గుమ్మం దాకా వచ్చిన గౌరమ్మ అంతా వినేసి, గిన్నెతో సహా వెనక్కి తిరిగింది.

కబురు వచ్చినంత వేగంగానే పోయింది. సాయంత్రానికి మెట్ల మీద టిన్నులు ఒక్కొక్కటే తగ్గసాగాయి. అనిత పంపిన కుర్రాళ్లు, “మేడమ్, వాటర్ ప్లాంటోళ్లు టిన్ను అడుగుతున్నారు” అన్నారు. ప్రిన్సిపాల్ ఫోను చేసి, “అయితే సెలవు పొడిగించక్కర్లేదన్నమాట. పై గదిలో మీ సీటు అలాగే ఉందండీ” అన్నాడు. ‘అమ్మా’ మళ్లీ ‘అండీ’ అయింది.

గౌరమ్మ మూతి బిగించుకుని వచ్చింది. “నీకు బాగున్నందుకు కోపం కాదు తల్లీ. నాలుగ్రోజులు ఏడిసీసినాను. ఆ ఏడుపు ఇప్పుడెవరి కాతాలో రాసుకోను?”

సన్యాసమ్మ ఒక్కతే పకపకా నవ్వింది. “ఓలమ్మ, బతికిపోనావు! ఎంత సల్లని కబురు సెప్పినావు!” అంటూ బుగ్గలు నిమిరింది. తర్వాత నవ్వు ఆపి, కాసేపు గుమ్మం వైపు చూసి, “మరైతే సుక్కురారం నాను రానక్కర్నేదు కదా” అంది. అక్కర్లేదని నాగసుధ అనలేకపోయింది. సన్యాసమ్మ చెంగు దులుపుకుని ఆఖరి బస్సు పోకుండా బయల్దేరింది.

గదిలో జానకిరామ్ మిగిలాడు. సూట్‌కేసు ఇంకా విప్పలేదు. ఫోను మోగుతుంటే బల్ల మీద బోర్లించాడు.

“రేపు పొద్దున్న రైలుందిగా. వెళ్లిపో రాముడూ” అంది నాగసుధ గోడ వైపు చూస్తూ.

“ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా? దండేసి పంపిన మనిషి మర్నాడే రెండు కిడ్నీలతో దిగితే ఊళ్లో ఏటనుకుంటారు?” జానకిరామ్ లెక్చరు ఇస్తున్నట్టు అటూ ఇటూ నడిచాడు. “టెస్టుల్లో నాది సరిపోలేదని చెబుతాను. కానీ టెస్టులకి కనీసం పది రోజులైనా పట్టాలి కదా. పట్టకపోతే నమ్మరు.”

“పడుతుంది. పదిహేను రోజులైనా పడుతుంది” అంది నాగసుధ, గుమాస్తా గొంతుతో.

జానకిరామ్ సూట్‌కేసు విప్పాడు. లుంగీ, పళ్లపొడి, ఆపరేషన్ అయ్యాక చదువుకుందామని తెచ్చుకున్న పాత వారపత్రికలు. ఇద్దరూ శుభలేఖ మాట ఎత్తలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అతను అన్నంలో చారు పోసుకుని, “మరీ పలచగా ఉందక్కా” అని మొహం చిట్లించాడు. భర్త పోయాక ఆమె వంటకి వంకపెట్టిన మొదటి మనిషి అతనే కాబట్టి, మర్నాడు నాగసుధ ఇంకొంచెం పలచగా కాచింది.