ఏడుపు లేని పెళ్ళికి వెళ్ళే అతిథులకు సూచనలు

ఆడపిల్ల పెళ్ళిలో ఏడుపును వేళ్ళతో సహా పెరికేసే ఉపాయం ఎట్టకేలకు దొరికింది. పెళ్ళిని విదేశంలో పెట్టుకోవడమే!

నవ్వకండి. వెళ్ళి, చూసి, క్షేమంగా తిరిగి వచ్చి చెబుతున్న మాట ఇది.

నాకు మొదటినుంచీ పెళ్ళిళ్ళంటే భయం. వంటల గోల అంటే కాదు, మేళాల మోత అంటే కాదు. చివర్లో పిల్లను పంపిస్తారే, అదంటే. ఎవరైనా 'పోయొస్తాము' అంటే చాలు, వాళ్ళ చెయ్యి వదలను. పాలవాడు రేపు రానని చెప్పినా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఏం చేయను? మా ఊరు చింతామణి బస్‌స్టాండులో నేను ఎక్కించి పంపినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చి దిగలేదు. అందుకని పెళ్ళిళ్ళలో భోజనం కాగానే తాంబూలం చేత పట్టుకుని, అప్పగింతలకు ముందే జారుకోవడం నా పద్ధతి.

అలాంటి నన్ను, నా తమ్ముడి కొడుకు పురుషోత్తమ్ పోయిన ఏడాది తన కూతురి పెళ్ళికి థాయ్‌లాండ్ తీసుకుపోయాడు.

పెళ్ళికూతురు రక్షితది కర్ణాటకలోని మా చింతామణి. పెళ్ళికొడుకు నందీశ్‌ది చిక్కబళ్ళాపురం. రెండు ఊళ్ళ మధ్య ఒక బస్సు దూరం. డ్రైవరు కాఫీకి దిగితే కాస్త ఆలస్యం, అంతే. ఇంత దగ్గరి ఊళ్ళవాళ్ళు పెళ్ళికి ఎక్కడ కలుసుకోవాలి? సముద్రం అవతలే కలుసుకోవాలి! సగం దారిలో కలుసుకుందామంటే శిడ్లఘట్ట వస్తుంది. శిడ్లఘట్టలో బీచ్ లేదు.

దేవనహళ్ళికి బెంగళూరు ఎయిర్‌పోర్టు వచ్చినప్పటినుంచి మా జిల్లాలో పొలాలన్నీ అమ్ముడుపోయి ఇళ్ళ సైట్లయ్యాయి. పొలాలు సైట్లయ్యాక పెళ్ళిళ్ళు కళ్యాణ మంటపాల్లో పట్టడం మానేశాయి. "అత్తా, అందురూ మంటపంలోనే చేస్తాండారు. మనమూ అట్లే చేస్తే ఎవురు గుర్తు పెట్టుకుంటారు?" అన్నాడు పురుషోత్తమ్. నిజమే కదా! నా పెళ్ళి మంటపంలో కూడా కాదు, ఇంటి ముందు వేసిన చప్పరం కింద జరిగింది. అందుకే కాబోలు, మా ఆయన ఆ తేదీని ఏటేటా మరిచిపోతుంటారు.

కాబట్టి, విదేశీ పెళ్ళికి పిలుపు అందుకున్న అతిథులు బెదరవద్దు. తెలిసినంతలో చెబుతాను.

ముందు పాస్‌పోర్టు. దానికి పుట్టిన తేదీ కావాలి. లేనివాళ్ళు దిగులుపడకండి. మా కుటుంబంలో తేదీ తెలియనివాళ్ళందరమూ జూన్ ఒకటినే పుట్టాము. ఫోటోలో మాత్రం నవ్వకూడదట. పెళ్ళికి పోయే మనిషి నేరం చేసి పారిపోతున్నట్టు కనిపించాలని సర్కారువారి ఉద్దేశం కాబోలు. నాకు ఏ ప్రయత్నమూ అవసరం కాలేదు. నా మొహం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

తర్వాత సామాన్లు. ఇక్కడే నాకు కష్టం వచ్చిపడింది.

మా వైపు పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒడి నింపుతారు. బియ్యం, బెల్లం, పసుపుకొమ్ములు, ఆకువక్క, ఎండుకొబ్బరి, అన్నీ పిల్ల కొంగులో పోస్తారు. గడప దాటేముందు ఆ పిల్ల పిడికెడు బియ్యం తీసి వెనక్కి, పుట్టింటిలోకి వదలాలి. తాను పోతున్నా పుట్టింటి కలిమి తన వెంట రాకూడదని. ఇంట్లో పెద్ద ముత్తైదువను నేనే కాబట్టి ఒడి నింపే పని నాకు పడింది. ఈసారి తాంబూలం పట్టుకుని జారుకునే వీలు లేదు. రక్షితకు మొదటిసారి నీళ్ళు పోసింది నేను. నడక నేర్పింది నేను. పంపడం కూడా నేనేనా? సరే, ఎలాగూ పంపాలి, పంపేదేదో సరిగ్గా పంపుదామని గుండె రాయి చేసుకుని అన్నీ మూట కట్టుకున్నాను.

దేవనహళ్ళిలో తనిఖీ చేసే ఆమె నా మూటలోంచి ఎండుకొబ్బరిని రెండు వేళ్ళతో బయటికి తీసి బుట్టలో పడేసింది. ఇది విమానంలోకి రాకూడదట, దీనికి నిప్పు అంటుకుంటుందట. ఇన్నేళ్ళుగా మందుగుండు సామానును పప్పుల డబ్బా పక్కన పెట్టుకుని నిద్రపోయానని ఆ రోజే తెలిసింది.

నా వెనక గురప్ప నిలబడి ఉన్నాడు. మా చిన్నాయన కొడుకు, కెంచార్లహళ్ళిలో టమాటా పంట పెడతాడు. చెవి దగ్గర చేరి, "కొబ్బరితో నిలిపిందే మేలక్కా. ఇంకా రోంత సేపు చూసిందంటే నిన్ను కూడా ఆ బుట్టలోనే ఏసి ఉంటుంది," అన్నాడు.

కాబట్టి కొబ్బరి తీసుకుపోవద్దు. శాలువా తీసుకుపోండి. విమానంలో చలి ఎక్కువ, దానికి అదనంగా ఏమీ అడగరు.

అక్కడ దిగగానే మీకు అర్పిత ఎదురవుతుంది. మీ పెళ్ళిలో ఆమె పేరు వేరే ఉండవచ్చు, చెవిలో వైరు మాత్రం తప్పకుండా ఉంటుంది. ఆమెను ఈవెంట్ మేనేజర్ అంటారు. మాకు వచ్చింది బెంగళూరు పిల్ల, మాట కన్నడంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తుంది. పూర్వం పెళ్ళంటే ఇంటి నిండా మనుషులు, నోటికొక అరుపు. ఇప్పుడు ఒక్క పిల్ల వైరులో గుసగుసలాడితే పెళ్ళంతా నడుస్తుంది. ఎంత ప్రశాంతం!

అలకలు కూడా ఉండవు. మా గురప్ప ఏ పెళ్ళికి పోయినా ఏదో ఒకదానికి అలిగి స్తంభం పక్కన నిలబడేవాడు, నలుగురు వెళ్ళి బతిమాలేవాళ్ళు. అక్కడా అలిగాడు, చారు వడ్డించలేదని. అలిగి ఎక్కడికి పోతాడు? ఒకవైపు సముద్రం, ఒకవైపు స్విమ్మింగ్ పూల్. భాష రాదు. పాస్‌పోర్టు పురుషోత్తమ్ దగ్గరుంది. కాసేపటికి తనే వచ్చి కూర్చుని ఐస్‌క్రీమ్ తిన్నాడు.

ముహూర్తం గురించి ఒక మాట. ఆ దేశపు గడియారం మనకంటే ముందు నడుస్తుంది. పెళ్ళి చేయించే మా అయ్యవారు మాత్రం తన చేతి గడియారాన్ని చింతామణిలోనే ఉంచుకున్నారు. అర్పిత సైగ చేయగానే అందరమూ అక్షింతలు పట్టుకుని లేచాము. మనూర్లో ఇంకా ఆ గడియ రాలేదు, కూర్చోమన్నారు అయ్యవారు. కూర్చున్నాము. ఎండకు, చెమటకు అక్షింతలు చేతిలో ముద్దకట్టాయి. ఇందులోనూ ఒక మేలుంది. తాళి కట్టినప్పుడు విసిరితే ఒక్క గింజ కూడా చెదరలేదు, ముద్దగా వెళ్ళి పెళ్ళికొడుకు నెత్తిన పడ్డాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. అప్పగింతలు.

"అజ్జీ, ఏడ్చేదానికి పావుగంట పెట్టినాను. దాని తర్వాత బస్సు," అంది అర్పిత. కన్నడంలో అజ్జి అంటే అవ్వ.

పావుగంట! నాకు ప్రాణం లేచివచ్చింది. మా కాలంలో ఏడుపు మొదలైతే ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆగిందనుకున్నాక కూడా ఏదో ఒక మేనత్త వచ్చి మళ్ళీ మొదలుపెట్టేది.

పుట్టిల్లు ఏది అనే సందేహం వచ్చింది. వీణ దిగిన గదినే పుట్టిల్లుగా నిర్ణయించారు. వీణ అంటే పురుషోత్తమ్ భార్య, పిల్ల తల్లి. గది తలుపును గడపగా నిర్ణయించారు. గడప మీద పసుపు రాయబోతే హోటలువాళ్ళు వద్దన్నారు. ఎండుకొబ్బరి లేదని తెలిసి అర్పిత పరుగున వెళ్ళి కొబ్బరిబోండాం తెచ్చింది. అందులో స్ట్రా గుచ్చి ఉంది. ఒడిలో పెడితే కారి పట్టుచీర తడిసింది. కూతురు ఏడవకముందే చీర ఏడ్చిందని గురప్ప అన్నాడు.

నేను బియ్యం పోశాను. రక్షిత పిడికెడు తీసి వెనక్కి, పుట్టింటిలోకి వదిలింది. పుట్టింటి కార్పెట్ మీద అవి సరిగ్గా పడీపడకముందే గది శుభ్రం చేసే అమ్మాయి మిషన్ తెచ్చి సర్రున లాగేసింది. మా పురుషోత్తమ్ ఇంటి కలిమి ఇప్పుడు థాయ్‌లాండ్‌లో ఒక గొట్టంలో భద్రంగా ఉంది. దొంగలకు దొరకదు. ఇంతకంటే క్షేమం ఇంకేం కావాలి?

వీణకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా వీడియో ఆయన ఆపాడు. వెలుతురు చాలలేదట, ఇంకోసారి మొదటినుంచి ఏడవమన్నాడు. రెండోసారి రాలేదు. పావుగంట అయిపోయింది. అర్పిత చప్పట్లు కొట్టింది. మేమందరమూ బస్సెక్కాము.

అదే బస్సులో పెళ్ళికూతురు కూడా ఎక్కింది!

అర్థమైందా అతిథులారా, ఇందులోని గొప్పతనం? పిల్లను పంపించాము, పంపించిన పిల్ల వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అదే విమానంలో నా పక్కనే కూర్చుంది, నా ట్రేలోని స్వీటు కూడా తినేసింది, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. లేపడం ఇష్టం లేక భుజం తిమ్మిరెక్కినా నేను కదలలేదు. చప్పరం కింద చేసిన ఏ పెళ్ళిలోనైనా అప్పగింతలు అయిన పిల్ల ఇలా భుజం మీద నిద్రపోవడం చూశారా?

దేవనహళ్ళిలో దిగి, తిరిగే బెల్టు దగ్గర పెట్టెల కోసం నిలబడ్డాము. అన్ని పెట్టెలకూ అర్పిత ఒకే రకం రిబ్బన్లు కట్టించింది. నా పెట్టెను ఎవరో తీసుకుపోతుంటే నేను వాళ్ళ వెనక పరుగెత్తాను. వీణ పగిలిన పచ్చడి సీసా గురించి ఎవరితోనో వాదిస్తోంది. పురుషోత్తమ్ బండి తోస్తున్నాడు. మేము బయటికి వచ్చేసరికి చిక్కబళ్ళాపురం వాళ్ళ వ్యాన్లు వెళ్ళిపోయాయి. మా టెంపో డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఎక్కేశాము.

చూశారా! ఒక ఆడపిల్ల పెళ్ళి మొదటినుంచి చివరిదాకా 'పోయొస్తాను' అనే మాట లేకుండా ముగిసింది. నేను జీవితమంతా కోరుకున్న పెళ్ళి ఇదే.

చింతామణి దారిలో విజయపుర దగ్గర కాఫీకి ఆగాము.

ఆ దేశంలో గైడు జెండా పట్టుకుని, మమ్మల్ని గొర్రెల్లా లెక్కపెట్టి బస్సెక్కించేవాడు. ఆ జబ్బు పురుషోత్తమ్‌కు అంటుకుంది. కాఫీ తాగి అందరమూ ఎక్కాక తలలు లెక్కపెట్టాడు. ఒకరు తక్కువ వచ్చారు. తనను మరిచిపోయారేమోనని గురప్ప చెయ్యెత్తి చూపించాడు. మళ్ళీ లెక్కపెడితే మళ్ళీ ఒకరు తక్కువే. డ్రైవరు హోటలు వెనక వెతికి వచ్చాడు. నేను సీట్ల కింద కూడా చూశాను. కంగారు మనిషిని, నన్ను ఏమీ అనకండి.

వీణ కిటికీలోంచి తల బయట పెట్టి పిలిచింది. "రక్షితా, బిరీన రామ్మా. అందురూ నీ కోసరమే కాసుకోనుండారు."

పురుషోత్తమ్ లెక్కపెట్టే వేలు గాలిలోనే ఆగింది. హోటల్లో గ్లాసులు కడిగే చప్పుడు వినిపిస్తోంది.

ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే గురప్ప చాలా మెల్లగా, "పాప ఇంక మనతో యాడ వస్తాదమ్మా," అన్నాడు.

వీణ కిటికీ ఊచ మీద నుదురు పెట్టుకుంది. ఆ వెంటనే వచ్చింది ఏడుపు. వీడియో ఆయన లేడు, వెలుతురు బ్రహ్మాండంగా ఉంది. పెళ్ళంతా వైరులాగా బిగుసుకుని తిరిగిన పురుషోత్తమ్ దిగి ఫుట్‌బోర్డు మీద కూర్చుండిపోయాడు. హోటలు యజమాని పరుగున వచ్చి ఎవరు పోయారని కన్నడంలో అడిగాడు. పెళ్ళయిందని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

చిక్కబళ్ళాపురం ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే వెళ్ళి చూసి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. ఆ సంగతి టెంపోలో ఉన్న అందరికీ తెలుసు. తెలిసినా ఒక్కరూ ఏడుపు ఆపలేదు.

అంతలో వీణ సెల్‌ఫోన్ మోగింది. రక్షితే. వాళ్ళూ చిక్కబళ్ళాపురం దారిలో కాఫీకి ఆగారట. నందీశ్ తండ్రి రామచంద్రప్పకు కూడా ఆ గైడు జబ్బే తగులుకున్నట్టుంది.

"అమ్మా, ఈడ మామ లెక్కపెడితే ఒకరు జాస్తి వస్తాండారంట. ఎవురా అని వెతుకుతాండారు."

నవ్వుతూనే చెప్పింది. తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది. అవ్వకు చెప్పకుండా వచ్చేశానని, అవ్వకు ఇవ్వమని అడిగింది. నేను ఫోను చెవికి ఆనించుకున్నాను.

"పోయొస్తానవ్వా," అంది.

చెవి సరిగ్గా వినబడదని అబద్ధం చెప్పి, ఆ మాటను ఇంకోసారి చెప్పించుకున్నాను.

కాబట్టి విదేశీ పెళ్ళికి బయలుదేరే అతిథులకు నా ముఖ్యమైన సూచన ఇది: చేతిరుమాళ్ళను పెద్ద పెట్టెలో సర్దకండి. మావన్నీ టెంపో నెత్తిన తాళ్ళతో బిగించి ఉన్నాయి. రోడ్డు పక్కన నిలబడి నా ఒక్క పైటకొంగుతో అందరి మొహాలూ తుడవాల్సి వచ్చింది. గురప్ప మొహం కూడా తుడిచాను. తన కంట్లో దుమ్ము పడిందని అతను ఇప్పటికీ అంటున్నాడు.