అయిదో రెక్క

కేరళలోని మా కుట్టనాడు పొలాల్లో ఇకమీదట ప్రభుత్వ అనుమతి లేకుండా ఒక్క చుక్క నీరు కూడా నిలవదని మంత్రి దివాకర పణిక్కర్ గారు అలప్పుళ సభలో ప్రకటించారు. ఆయన మాటంటే మాటే. మర్నాడే మా గట్టు మీది పాత చెక్కపెట్టె పంపును పీకించేశారు.

మా పొలాలు కాలవకంటే పల్లం. లోపలి నీళ్లు బయటికి తోడితేనే విత్తనం. కొత్త పంపుకు ఇంజనీర్ బిందులేఖ నాలుగు రెక్కలు పెట్టింది. వాటి వంపు కుదరడానికే మూడేళ్లు పట్టిందట. ట్రయల్ రన్‌లో సగం కరెంటుకే నీళ్లు పోయి పొలం తేలింది. నా పక్క పొలం పెణ్ణమ్మ చేచి, అంటే మా అందరికీ అక్క, ఆ అమ్మాయిని ఇంటికి లాక్కెళ్లి కర్రపెండలం, చేపల పులుసు పెట్టింది. వెంటనే విత్తనాలు చల్లేసింది.

ప్రారంభోత్సవానికి ముందు మంత్రిగారు పంపును స్వయంగా పరిశీలించారు. అంతటి దూరదృష్టి నేనెక్కడా చూడలేదు. వచ్చీ రాగానే రెక్కలు లెక్కపెట్టారు.

"మా ఫ్రంట్‌లో అయిదు పార్టీలున్నాయమ్మా. ఎవరికి రెక్క లేదని చెప్పమంటావు?"

"అయిదోది పెడితే సందులు ఇరుకై నీళ్లు రాసుకుంటాయి సార్. ఎఫిషియెన్సీ పడిపోతుంది."

"కేబినెట్‌లో మేం రాసుకుంటూ కూర్చోవడం లేదా? ప్రభుత్వం నడవడం లేదా?"

ఈ సూత్రం ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేదు. అయిదు రెక్కలతో కొత్త చక్రం పోత పోయించి, ఒక్కోదానికి ఒక్కో పార్టీ రంగు వేయించారు. ఈలోగా వానలు పడి చేచి మొలకలు మునిగాయి. ప్రారంభోత్సవం దాకా పంపు ముట్టుకోకూడదని ఆర్డరు. చేచి రోజూ గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూసేది.

తీరా ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే అయిదో పార్టీ ఫ్రంట్‌లోంచి తప్పుకుంది. మంత్రిగారు తటపటాయించలేదు. వాళ్ల రెక్క కోయించారు. పాత నాలుగు రెక్కల చక్రం తను వచ్చిన పడవలోనే ఉందని, ఇట్టే బిగిస్తానని బిందులేఖ బతిమాలింది.

"ఖాళీ కనపడాలమ్మా. పోయినవాళ్లు పోయారని జనానికి తెలియాలి" అన్నారు.

మీట నొక్కారు. ఒకవైపు బరువు తగ్గిన చక్రం గడగడలాడింది, షెడ్డు ఊగింది, ఇరుసు విరిగింది. మంత్రిగారు చెక్కు చెదరకుండా మైకందుకుని, ఈ పంపు ఇక బొత్తిగా కరెంటు తినదని ప్రకటించారు.

మొలకలు కుళ్లిపోయాయి. కొన్నాళ్లకు ఆయన మళ్లీ వచ్చారు, నిలిచిన నీటిలో చేపల పెంపకం పథకానికి. చేచిని స్టేజి ఎక్కించి, చేపపిల్లల బకెట్ చేతికిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆమె బకెట్‌లోకి చూసింది. తర్వాత మైకు వైపు వంగింది.

"వీటిని పట్టాలంటే నీళ్లు తోడాలి కదా సార్?"

మంత్రిగారే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.