కంప్యూటర్ దొంగనిద్ర

ఆ పొద్దున మామగారి పథకం చాలా చిన్నది. కంప్యూటర్ ఆన్ చేయాలి. చేసీ చేయగానే కీబోర్డు పై వరుసలో ఉన్న ఎఫ్ టూ నొక్కాలి. అప్పుడు తెరుచుకునే పేజీలో ఫ్యాను వేగం తగ్గించాలి. మొత్తం ఐదు నిమిషాల పని. తర్వాత రెండో కప్పు కాఫీ.

పథకం వెనక కోడలి ఉద్యోగం ఉంది. చూపు లేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటి ఆమెకు మైకు పంపి, పది నిమిషాల పాఠం చదివి పంపమంది. పంపితే, "గొంతు బాగుందండీ, వెనకాల ఆ విమానం ఏంటి?" అని జవాబొచ్చింది. విమానం కాదు, కంప్యూటర్ లోపలి ఫ్యాను. ఆ మైకు కంప్యూటర్‌కి తప్ప దేనికీ అమరదు. పాఠం మళ్ళీ పంపడానికి గడువు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు.

ఈ ఉద్యోగం సంగతి మొదలుపెట్టింది మామగారే. మూడేళ్ళ కిందట భార్య పోయినప్పుడు ఆ ఇంట్లో ముందుగా ఆగిపోయింది పేపరు పైకి చదివే గొంతు. నిరుడు ఆయనకు కంటి ఆపరేషనైతే, కట్టు విప్పేదాకా కోడలు పక్కన కూర్చుని, వాన కబుర్ల నుంచి పోగొట్టుకున్న సర్టిఫికెట్ల ప్రకటనల దాకా ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించింది. చీకట్లో కూర్చున్నవాడికి గొంతు ఎంత వెలుగో ఆ వారం రోజుల్లో ఆయనకు తెలిసింది. "నీ గొంతు నా ఒక్కడికే ఖర్చయితే ఎలా తల్లీ," అని సంస్థ చిరునామా వెతికి పెట్టాడు. అందుకే ఫ్యాను చేసిన తప్పు కూడా తనదే అనిపించింది.

"ఫ్యాను సంగతి మామూలు సెట్టింగుల్లో ఉండదు సార్," అని కంప్యూటర్ అమ్మిన షాపు అమ్మాయి ఫోన్లో చెప్పింది. "తెర మీద బొమ్మ రాకముందే మెషీన్‌కి సొంత సెట్టింగులుంటాయి. ఆన్ చేయగానే ఎఫ్ టూ కొట్టండి. కాస్త స్పీడుగా కొట్టాలి."

మామగారు నలభై ఏళ్ళు టైపు మిషన్లు బాగుచేసిన మెకానిక్కు. కీ కొట్టడం గురించి తనకు పాఠమా అని నవ్వుకున్నాడు. కానీ పూర్తిగా మేలుకోకముందే ఒక యంత్రానికి సొంత లోకం ఉంటుందన్న మాట ఆయన మనసులో నాటుకుంది. కుర్చీలో సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని, బటన్ నొక్కి ఎఫ్ టూ కొట్టాడు.

తెర మీద కొండ బొమ్మ వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది.

షట్‌డౌన్ చేసి మళ్ళీ కొట్టాడు. కొండ. ఇంకాస్త ముందుగా కొట్టాడు. కొండ. బటన్ కోడలు నొక్కుతుంటే ఆయన రెండు చేతుల్తో కొట్టాడు. అయినా కొండే.

"ఇంత తొందరేమిటే నీకు," అన్నాడు కంప్యూటర్‌తో. "టైపు మిషన్ నయం, వరుస అయిపోతే గంట కొట్టి మరీ చెప్పేది."

"కీబోర్డు పాడైందేమో మామయ్యా."

ఆయన కీలన్నీ ఊడదీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, వరుసగా పేపరు మీద పేర్చి, తిరిగి బిగించాడు. ఎఫ్ టూ నిక్షేపంలా ఉంది. పది గంటలైంది.

ఈ టకటకలు గోడ దాటి పక్కింటి డ్రమ్ మాస్టారి చెవిన పడ్డాయి. ఆయన తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం వాయిస్తున్నారు పెద్దాయనా, లయ మరీ అన్యాయంగా ఉంది."

సంగతి విని చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇలాంటివి వేళ్ళలో ఉండాలి. జరగండి." కోడలు బటన్ నొక్కింది. మాస్టారు రెండు చూపుడు వేళ్ళతో ఎఫ్ టూ మీద మొదలుపెట్టాడు. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. వేళ్ళు కనబడటం మానేశాయి. మామగారు నోరు తెరుచుకుని చూశాడు. మనిషి చేతికి ఇంత వేగం ఉందా అనుకున్నాడు. కొండ మాత్రం ఇసుమంతైనా జంకకుండా వచ్చి నిలబడింది.

"ఇది నా వల్ల కాదండీ," అన్నాడు మాస్టారు, వేళ్ళు ఊదుకుంటూ. "దీనికి తాళజ్ఞానం లేదు."

మెట్ల దగ్గర బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చాలాసేపటి నుంచి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "ఒక మాట చెప్పనా సార్? అది అసలు ఆగట్లేదు. ఆపితే ఆగినట్టు నటిస్తోంది. చూడండి, ఎంత చప్పున లేస్తోందో. నిద్రపోయేవాణ్ణి లేపగలం గానీ, దొంగనిద్ర వాణ్ణి ఎవడు లేపుతాడు?"

గదిలో అందరూ కంప్యూటర్‌ని కొత్తగా చూశారు. ఎలక్ట్రీషియన్ షట్‌డౌన్ చేయించి, ప్లగ్గు పీకి, వంద లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాడు. కొండ.

"గోడలో కరెంటు మిగిలుంటోంది," అని తేల్చాడు. "మెయిన్ తీస్తే గానీ లాభం లేదు." కింద మెయిన్ స్విచ్చు లాగాడు. పిడి విరిగి చేతిలోకి వచ్చింది.

భవనమంతా ఒక్కసారి చల్లబడింది. ఆ నిశ్శబ్దంలో మామగారి గుమ్మానికి ఎదురుగా ఉన్న లిఫ్టులోంచి, ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య నుంచి, ఒక గొంతు వినిపించింది.

"కరెంటు తీసిన పుణ్యాత్ములెవరండీ?"

మూడో అంతస్తులో ఉండే కంప్యూటర్ టీచరు. పన్నెండేళ్ళుగా కంప్యూటర్ పాఠాలే చెబుతోంది. పొద్దున్నుంచి ఆవిడను అడగాలని ఒక్కరికీ తోచలేదు.

మామగారు లిఫ్టు తలుపు దగ్గరికి పరుగెత్తాడు. "భయపడకండమ్మా, స్విచ్చు బాగవుతోంది. తప్పు నాదే." జరిగిందంతా దాచకుండా చెప్పుకున్నాడు. లోపలి నుంచి నవ్వు వినిపించింది.

"ప్రతిసారీ షట్‌డౌనే చేశారా?"

"అవునమ్మా. పూర్తిగా ఆపితేనే కదా మొదటినుంచి మొదలయ్యేది."

"అక్కడే బోల్తా పడ్డారు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా పూర్తిగా ఆగదు. ఎక్కడ ఆగిందో లోపల రాసిపెట్టుకుంటుంది. ప్లగ్గు పీకినా ఆ రాత చెరగదు. లేవగానే అక్కణ్ణుంచే ఎత్తుకుంటుంది. ఆ హడావుడిలో మీ ఎఫ్ టూ కోసం గుమ్మంలో నిలబడదు. రీస్టార్ట్ అంటేనే నిజంగా ఆగి, ఓనమాల నుంచి మొదలుపెడుతుంది."

"ఆగమంటే ఆగదు. మళ్ళీ మొదలెట్టమంటే ఆగుతుంది."

"అంతే బాబాయిగారూ."

మామగారు తనకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. డ్రమ్ మాస్టారు మెట్టు మీద కూర్చున్నాడు. మూసిన తలుపు వెనక నుంచి, చీకట్లోంచి, ఆ గొంతు అంత తేటగా వస్తుంటే మధ్యలో దగ్గడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు.

"ఇంకా తేలిక దారి ఉంది. ఆ కొండనే రానివ్వండి. మూలనున్న పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్, మీరు వెతుకుతున్న పేజీ అదే. బయట నిలబడి తలుపు బాదక్కర్లేదు. లోపలికి వెళ్ళి అడిగితే అదే తీస్తుంది."

"షిఫ్టా?" అన్నాడు మామగారు. నలభై ఏళ్ళలో ఆయన ఎక్కువసార్లు బాగుచేసిన కీ అది. చిటికెన వేలితో నొక్కితే టైపు మిషన్‌లో కాగితం మోసే బండి మొత్తం పైకి లేచేది.

పదకొండున్నరకు కరెంటు వచ్చింది. అందరూ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తారు. మామగారు చిటికెన వేలితో షిఫ్ట్ పట్టుకున్నాడు. కోడలు రీస్టార్ట్ నొక్కింది. నీలం తెర వచ్చింది. ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్ళారు. చివరి తలుపు తెరుచుకుంది.

బొమ్మల్లేవు, హంగుల్లేవు. లోపలి వేడి ఎంతో, ఫ్యాను ఎన్ని చుట్లు తిరుగుతోందో, ఇప్పుడు గంట ఎంతో, అంతే. అంకెలు మారుతున్నాయి. నిద్రపోతున్న బిడ్డ నాడి పట్టుకున్నట్టుంది మామగారికి. ఇన్నాళ్ళూ ఇది ఒంటరిగా ఇవన్నీ చూసుకుంటోందా అనుకున్నాడు.

కోడలు ఫ్యానుని సైలెంట్‌లో పెట్టి, సేవ్ చేసింది. విమానం మెల్లగా దిగి, దిగి, నేలకు ఆనింది. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా, ఎన్నో నెలల తర్వాత, ఆ గదిలో గోడగడియారం వినబడింది.

"లిఫ్టు స్విచ్చు కూడా వెయ్యమంటారా?" అని కింద నుంచి ఎలక్ట్రీషియన్ కేకేశాడు.

"ఏదీ వెయ్యకు," అన్నాడు డ్రమ్ మాస్టారు, కిటికీలోంచి గుసగుసగా, రెండు చేతులూ ఊపుతూ. "పాఠం అయ్యేదాకా ఏ చప్పుడూ వద్దు."

తెర ముందు నిలబడిపోయిన మామగారికి ఈ మాటలేవీ వినబడలేదు.

కోడలు చదివింది. వాన ఎలా పుడుతుందన్న పాఠం. సముద్రం మీద ఎండ పడటం, ఆవిరి లేవడం, మబ్బు బరువెక్కడం. మాస్టారు తన జీవితంలో మొదటిసారి పది నిమిషాలు వేళ్ళు కదపకుండా కూర్చున్నాడు. పదకొండూ యాభై రెండుకి పాఠం వెళ్ళింది. పన్నెండుంబావుకి ఫోనొచ్చింది.

"విమానం దిగిపోయిందండీ. రేపటి నుంచి మొదలుపెట్టేద్దాం. ఏ స్టూడియోలో చేశారు?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. మామగారు చెప్పులేసుకున్నాడు. "ముందు టీచరుగారికి చెప్పి రావాలి తల్లీ," అని మూడో అంతస్తుకి మెట్లెక్కాడు. తలుపుకి తాళం వేసి ఉంది. తాళం వంక చూశాడు. మెట్ల వంక చూశాడు. తర్వాత ఆ వయసులో దిగకూడనంత వేగంగా కిందికి దిగాడు.

"అమ్మా, ఇంకా లోపలే ఉన్నారా?"

"ఉన్నాను బాబాయిగారూ. ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చిందమ్మా. మీరొక్క కేక వేయొచ్చు కదా."

"వేస్తే అది కూడా పాఠంలో పడేది," అంది టీచరు. "మబ్బు బరువెక్కే చోట చాలా బాగా చదివింది. పన్నెండేళ్ళుగా పాఠాలు చెప్పడమే. కూర్చుని ఒకటి విన్నది ఇవాళే."

మామగారు లిఫ్టు స్విచ్చు వెయ్యమని కిందికి కేకేశాడు. మూసిన తలుపు మీద అరచేయి ఆనించి, ఎలక్ట్రీషియన్ స్విచ్చు వేసేదాకా అలాగే నిలబడ్డాడు.

టీచరుగారు ఆ రోజు నుంచి మూడో అంతస్తుకి మెట్ల మీదే వెళుతోంది. ఎవరైనా అడిగితే ఆరోగ్యానికి మంచిదని చెబుతుంది.