చేతులెత్తిన తీర్మానం

ఎవరి కోటు కింద ఏముందో తెలియని పరిస్థితి సమాజానికి మంచిది కాదని ముక్తకంఠంతో ప్రకటించడానికి క్లోవర్టన్ కౌంటీ కమిషనర్లు ఐదుగురూ మంగళవారం సాయంత్రం సమావేశమయ్యారు.

బట్టల చాటున తుపాకీ పెట్టుకుని తిరగాలంటే ఆ రాష్ట్రంలో ఇంతవరకు పర్మిట్ ఉండాలి. దానికి ఎనిమిది గంటల శిక్షణ, వేలిముద్రలు, కౌంటీ ముద్ర కావాలి. ఇకమీదట ఇవేవీ అక్కర్లేదని రాజధానిలో బిల్లు పెట్టారు. శుక్రవారం దాని మీద విచారణ. కౌంటీల తీర్మానాలు ఏకగ్రీవమైతేనే అక్కడ చదువుతారు. ఒక్క చెయ్యి తగ్గినా చెత్తబుట్టకే.

బిల్లు వద్దనే తీర్మానం రాసింది కౌంటీ క్లర్కు డార్లీన్ వాస్‌బర్గ్. పంతొమ్మిదేళ్లుగా తుపాకీ పర్మిట్లూ పెళ్లి లైసెన్సులూ ఒకే కిటికీలోంచి ఇస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తుందని పేరు. ఆరు వారాల కిందట లైసెన్సుకు వచ్చిన పెళ్లికొడుకు కిందపడ్డ పెన్ను కోసం వంగాడు. నడుము దగ్గరి తుపాకీ జారి, నేలకు తగిలి పేలింది. డార్లీన్ అప్పుడు జిరాక్సు మెషీను దగ్గర ఉంది. గుండు ఆమె కుర్చీ వీపులోంచి దూరి గోడలో ఆగింది. పెళ్లికొడుకు క్షమాపణ చెప్పి, లైసెన్సు తీసుకుని వెళ్లాడు. అతనికి తుపాకీ పర్మిట్ లేదు. కొత్త చట్టం వస్తే ఆ లోపం కూడా ఉండదు.

కౌంటీ వెంటనే చర్య తీసుకుంది. కుర్చీకి పట్టీ అతికించింది. గోడలో పడ్డ చిల్లు మీద ‘ఉత్తమ సేవా కార్యాలయం’ యోగ్యతాపత్రం తగిలించింది. డార్లీన్ కుర్చీని మూడడుగులు పక్కకు జరుపుకుంది. సొరుగు మాత్రం పాత చోటే ఉండిపోయింది. అందుకని అందులో ఉండవలసిన ఇనుప ముద్రను ఆనాటి నుంచి చేతిసంచిలో వేసుకుని తిరుగుతోంది.

సమావేశానికి జనం బాగానే వచ్చారు. హాల్లో హీటరు మండిపోతోంది. అయినా ఎవరూ కోటు విప్పలేదు. మర్యాద తెలిసిన ఊరు.

కమిషనర్ లవోన్ ప్రూయిట్ ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం చేసి తెచ్చింది. అది తింటూ కమిషనర్ మెర్ల్ హడ్సన్ అడిగాడు: “అంత భయమైతే నువ్వూ ఒకటి కొనుక్కోరాదూ, డార్లీన్?”

“కొంటాను మెర్ల్. కొని ఎవర్ని కాల్చను? పెన్నునా?”

చైర్మన్ ఆర్విల్ స్టంఫ్ లేచాడు.

“అయ్యలారా, అమ్మలారా, దాచడమంటేనే నాకు గిట్టదు. మా తాత తుపాకీ పికప్ ట్రక్కు వెనకద్దానికి తగిలించుకుని, నలుగురికీ కనబడేట్టు తిరిగేవాడు. అది సంస్కారం. ఈ బిల్లు వస్తే పక్కవాడు చెయ్యి జేబులో పెడితే రుమాలు తీస్తాడో, మరోటి తీస్తాడో మనకెలా తెలుస్తుంది? ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. బాగా పైకి. డార్లీన్ లెక్కపెట్టాలి.”

ఐదు చేతులు లేచాయి. వాటితో పాటు ఐదు కోట్లు లేచాయి. కోట్ల కింద నడుముల దగ్గర ఐదు తుపాకీ పిడులు కనిపించాయి.

డార్లీన్ రిజిస్టరు తిరగెయ్యనక్కర్లేకపోయింది. చైర్మన్ పర్మిట్ సరిగ్గానే ఉంది. మెర్ల్‌ది గడువు దాటి నాలుగేళ్లయింది. తక్కిన ముగ్గురూ ఆ పని మీద ఆమె కిటికీ దగ్గరికి ఎన్నడూ రాలేదు.

వెనక వరసలోంచి ఎవరో అడిగారు: “మరి ఈ తీర్మానం ఎవరి గురించండీ, చైర్మన్ గారూ?”

చైర్మన్ చెయ్యి దించకుండానే చెప్పాడు: “మిగతావాళ్ల గురించి.”

హాలంతా తలూపింది. తలూపుతూ ప్రతి ఒక్కరూ పక్కవాడి కోటు వంక చూశారు.

“ఇక ముద్ర వేసెయ్యమ్మా, డార్లీన్.”

డార్లీన్ సంచిలో చెయ్యి పెట్టింది. ఇనుప పిడి సగం బయటికి వచ్చింది.

హాల్లో నలభై చేతులు నలభై నడుముల దగ్గరికి వెళ్లాయి. వాటిలో ఇప్పుడే తీర్మానానికి లేచిన ఐదూ ఉన్నాయి.

“మెల్లగా, డార్లీన్,” అంది లవోన్. “మెల్లగా, బంగారం.”

డార్లీన్ సంచి వదిలేసింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి రెండు చేతులూ ఎత్తేసింది.

సంచిలో ఉన్నది ముద్రేనని మెర్ల్ స్వయంగా తీసి చూశాక అందరూ నవ్వుకున్నారు. తీర్మానానికి ముద్ర పడింది. ‘ఆపిల్ పై’ కూడా అయిపోయింది.

శుక్రవారం రాజధానిలో డార్లీన్ రాసింది రాసినట్టే చదివారు: “హాజరైన సభ్యులు ఐదుగురు. ఎత్తిన చేతులు ఏడు. తీర్మానం ఏకగ్రీవం.”

చట్టసభ పెద్దలు శ్రద్ధగా విన్నారు. లెక్క ఎవరూ అడగలేదు. అక్కడా హీటరు మండిపోతోంది. అక్కడా ఎవరూ కోటు విప్పలేదు.