ఎసువాన్ మాస్టారు, గళ్ల పెట్టె

ప్రైజుల పండగ రోజు పొద్దున్న ఆరింటికే ఎసువాన్ మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మొక్కజొన్న కెంకీ ముద్ద, వేయించిన చేప సగంలో వదిలేసి లేచాడు. పెద్ద పనేం లేదు. బడికి వెళ్లాలి, ఎవరూ చూడకుండా ఒక వైరు పీకి జేబులో వేసుకోవాలి, ఏమీ ఎరగనట్టు వచ్చి తన పాటపిల్లల ముందు నిలబడాలి.

"ఇంత పొద్దున్నే ఏం పని? మీ పాట చివర్లో కదా?" అంది భార్య ఎకువా.

పుండు మీద కారం చల్లినట్టయింది ఆయనకి. సాల్ట్‌పాండ్‌లోని ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా ప్రైజుల పండగ మాస్టారి నలభై మంది పిల్లల పాటతోనే మొదలయ్యేది. ఈసారి హెడ్మిస్ట్రెస్ బెంట్సిల్ మేడమ్ అచ్చు వేయించిన కాగితంలో మొదటి అంశం కొత్త టీచరు మిస్ తవియా క్లాసు వాయించే గళ్ల పెట్టె. మాస్టారి పాట అట్టడుగున, 'సమయం ఉంటే' అన్న ముక్కతో. సమయం ఉంటే అని రాసిన అంశం జరగడం ఆ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అంటే ఈ ఏడు ఊరిపెద్ద నానా గారి ముందు మాస్టారు పాటకి చేతులు ఊపకుండా కుర్చీలో కూర్చోవాలి. ఆయనకి కడుపు మండిపోయింది.

ఆ పెట్టె అన్నం పళ్లెమంత ఉంటుంది. ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది రబ్బరు గళ్లు. లాప్‌టాప్‌కి తగిలించి, నేర్చుకునే మీట వేసి గడి నొక్కితే మైకులో పడ్డ చప్పుడు ఆ గడిలో నిలిచిపోతుంది. ఇంకో గడి నొక్కితే దాని వంతు. తర్వాత మీట తీసేసి ఏ గడి నొక్కితే దాని చప్పుడు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పిల్లలు ఫుఫు ముద్దకి దుంపలు దంచే రోకలి, రేకుల మీద వాన, పడవ లాగేవాళ్ల కేకలు పట్టుకొచ్చి పాటలు కట్టేవాళ్లు. బల్ల వాయించినందుకు మాస్టారి చేత బెత్తం దెబ్బలు తిన్న పిల్లలకే మిస్ తవియా క్లాసులో చప్పట్లు. మాస్టారు రోజూ ఏదో వంకన ఆ కిటికీ పక్కన ఆగేవాడు. ఆయన వేళ్లు ఊరుకునేవి కావు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

సోమవారం మాత్రం ఓ దెబ్బ వేశాడు.

"నల్ల పెట్టె మీద ఎర్ర దీపాలు! నానా గారి ముందు చావింటి రంగులా మేడమ్?"

ఆ ఊళ్లో ఎరుపు, నలుపు చావుకి కట్టే రంగులు, తెలుపు శుభానికి. మేడమ్ హడలిపోయి మిస్ తవియాని పిలిపించింది.

"ఎరుపంటే పెట్టె వింటోందని గుర్తు మాస్టారూ," అంది ఆవిడ.

"గుర్తయితే నీ ఇంట్లో పెట్టుకో అమ్మాయ్. పండగకి తెలుపే."

"తెలుపే పెడతాను. మంచిమాట చెప్పారు మాస్టారూ," అని నవ్వుతూ వెళ్లిపోయింది. పోట్లాడి ఉంటే ఆయనకి కాస్త హాయిగా ఉండేది.

పండగ పొద్దున్న మాస్టారు వెళ్లేసరికి హాల్లో ఎవరూ లేరు. బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నానా వచ్చేటప్పటి జనం కేకలు పట్టుకుందామని నేర్చుకునే మీట వేసి ఉంచి, మిస్ తవియా పిల్లల కోసం వెళ్లింది. మాస్టారు వైరు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. పీకేముందు ఒక్కసారి నొక్కి చూస్తే ఏం పోయింది?

నొక్కాడు. గడి తెల్లగా వెలిగింది. తెలుపంటే శుభమే కదా అని ధైర్యం వచ్చింది. కానీ చప్పుడు లేదు.

"నోరు పడిపోయిందా?" అన్నాడు పెట్టెతో.

ఇంకో గడి నొక్కాడు. "నిన్ను చూసేనా నన్ను చివరికి తోసేశారు? టమాటాల తట్టలా ఉన్నావు!"

మరో గడి. "మా మేడమ్‌కి చెవులున్నది పోగులు పెట్టుకోవడానికే!"

పాటంటే ఏమిటో దానికి తెలియాలని, ఇంకోటి నొక్కి గొంతెత్తి "డో... మీ... సో..." అని శ్రుతి ఇచ్చాడు. చివరి గడి నొక్కేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది.

"నాకిస్తే నేనూ వాయిస్తాగా. ఒక్కరూ అడగరేం?"

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినబడింది. మాస్టారు వైరు పీకి జేబులో చేతిరుమాలు కింద కుక్కుకున్నాడు.

"ఎసువాన్ మాస్టారూ! తవియాకి సాయం చేద్దామని ఇంత పొద్దున్నే వచ్చారా!" అంది బెంట్సిల్ మేడమ్. "మీది ఎంత పెద్ద మనసు! ఇవాళ ఈ పెట్టె పూచీ మీదే."

పది నిమిషాల్లో వైరు లేదని తెలిసింది. మిస్ తవియా ముఖం వాడిపోయింది. పూచీ తనది కనుక, తన జేబులో ఉన్న వైరు కోసం మాస్టారు బెంచీల కింద దూరి అరగంట వెతికాడు. కొత్తది తెమ్మని మేడమ్ డ్రైవర్ని కేప్‌కోస్ట్ పట్నానికి పరిగెత్తించింది. పెట్టె వాయించాల్సిన పిల్ల మాన్సా మాస్టారినే చూస్తూ నిలబడింది.

"సార్, మీ జేబు ఉబ్బిందేం?"

"మందులు."

"మందులకి తోక ఉంటుందా సార్?"

"పోయి వెతుకు!"

చివరికి మిస్ తవియా ఆయన దగ్గరికొచ్చింది. "పోనీలెండి మాస్టారూ. మీ పాటే ముందు కానివ్వండి. మా పిల్లలకి నేను చెప్పుకుంటాను."

గెలిచాడు! తవియా కళ్లలో నీళ్లు చూసి గుండె కలుక్కుమన్నా గెలుపు గెలుపే. అంతలో బయట డప్పులు మోగాయి. గొడుగు కింద నానా గారు లోపలికి వచ్చారు. జనమంతా లేచి తెల్ల రుమాళ్లు ఊపుతున్నారు. ఆనందం పట్టలేక మాస్టారూ తన రుమాలు లాగి, తల మీదుగా గిరగిరా తిప్పాడు. దాంతోపాటు వైరూ తిరిగింది.

"దొరికింది! మాస్టారికి దొరికింది!" అని అరుస్తూ మిస్ తవియా ఆయన్ని కావలించుకుంది. మేడమ్ చప్పట్లు కొట్టించింది.

వైరు తగిలించారు. నేర్చుకునే మీట తీసేశారు. మాన్సా నానాకి వంగి దండం పెట్టి, రోకలి గడి నొక్కింది.

"నోరు పడిపోయిందా?" అంది పెట్టె, నానా గారి ముఖం మీదే.

హాలంతా బిగుసుకుపోయింది. మాన్సా కంగారుగా పక్క గడి నొక్కింది. "మా మేడమ్‌కి చెవులున్నది పోగులు పెట్టుకోవడానికే! మా మేడమ్‌కి చెవులున్నది..." మేడమ్ చేతులు రెండూ చెవుల మీదికి వెళ్లాయి. మాస్టారు భూమి చీలుతుందేమోనని కిందికి చూశాడు. చీలలేదు.

కానీ మాన్సా మాస్టారి దగ్గర దెబ్బలు తిన్న వాయిద్యగత్తె. తిట్టులో తాళం ఉందని చటుక్కున పట్టేసింది. దానికింద వాన కలిపింది, టమాటాల తట్ట కలిపింది. ఆపైన "డో... మీ... సో..." వచ్చింది. మాస్టారి గొంతులో శ్రుతి వినబడితే ఆగకూడదని నేర్చుకున్న పిల్లలు వాళ్లు. వెనక బెంచీల్లో నలభై మందీ ఒక్కసారి లేచి పాట అందుకున్నారు. జనం ఊగిపోయారు.

అప్పుడు మాన్సా చివరి గడి నొక్కింది.

"నాకిస్తే నేనూ వాయిస్తాగా. ఒక్కరూ అడగరేం?"

పాట తగ్గిపోయింది. ఆ మాట ఒక్కటే హాలంతా తిరుగుతోంది. మాస్టారి చెవులు వేడెక్కాయి. నానా గారి భుజాలు నవ్వుతో కదిలాయి. పక్కన బంగారు కర్ర పట్టుకున్న ఒచియామె చెవిలో ఆయన రెండు ముక్కలు చెప్పారు. నానా మాట నలుగురికీ వినిపించడం ఒచియామె పని. నానా చెప్పిన రెండు ముక్కల్ని ఒచియామె రెండు నిమిషాలు చెప్పాడు. సారాంశం: ఆ మనిషిని అడగండి.

మాస్టారు కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు. మాన్సా చోటిచ్చింది.

"రండి సార్. మందులు కింద పడతాయి, జాగ్రత్త."

"మీకు కావాలని నాకెలా తెలుస్తుంది మాస్టారూ?" అంది మిస్ తవియా మెల్లిగా.

"వైరు పీకింది నేనే," అన్నాడు ఆయన అంతకంటే మెల్లిగా.

"తెలుసు. ముందు ఈ గడి నొక్కండి."

ఒక చేత్తో పెట్టె వాయిస్తూ, రెండో చేత్తో నలభై మందినీ పాడిస్తూ ఆయన గంటన్నర దిగలేదు. సమయం లేక మేడమ్ ప్రసంగం రద్దయింది.

మర్నాడు మాస్టారు హెడ్మిస్ట్రెస్ గదికి ఇంకో ఫిర్యాదు పట్టుకెళ్లాడు. వినే దీపం ఎర్రగా ఉండటమే అన్ని విధాలా మంచిదని చెప్పాడు. మేడమ్ మొత్తం శ్రద్ధగా విన్నది. ఆవిడ చెవులకి ఆరోజు పోగులు లేవు.