టాన్సిల్స్ వాచిన సోమవారం

టాన్సిల్స్ వాచినవాడే ధన్యుడు! నవ్వకండి. నవ్వగలుగుతున్నారంటేనే మీకింకా ఆ భాగ్యం కలగలేదని అర్థం.

నేను పోస్టుమాస్టరుగా రిటైరై, భద్రాచలానికి నలభై కిలోమీటర్ల అవతల, అడవి అంచు ఊళ్లో ఉంటున్నాను. మా ఊరి దవాఖానాకు ఏం తక్కువ? బిల్డింగుంది, బోర్డుంది, బోర్డు మీద డాక్టరు పేరు కోసం వదిలిన ఖాళీ కూడా ఉంది. ఆ ఖాళీ నింపండి మహాప్రభో అని పద్నాలుగు నెలలుగా ప్రతి సోమవారం మండలాఫీసులో మొరపెట్టుకుంటున్నాను. నాకు తోడు పక్కింటి జంపక్క. ఆమె మనవరాలికి జ్వరమొస్తే, బస్సు వచ్చేలోపే ఫిట్స్ వచ్చాయి. పిల్ల బతికింది గానీ, ఆనాటి నుంచి జంపక్క ఒక్క సోమవారం కూడా మానలేదు.

ఇంతలో నన్ను టాన్సిల్స్ అనుగ్రహించాయి! ఆహా, ఎంత ప్రశాంతత! మింగలేం కాబట్టి బియ్యం మిగులు. మాట్లాడలేం కాబట్టి కాపురం చల్లన. ఇక వైద్యానికి కొదవా? ఒకరు ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు, ఒకరు మిరియాల కషాయం పట్టించారు, ఇంకొకరు మెడకు సున్నం పట్టు వేశారు. జంపక్క అడవిలో ఏరిన కరక్కాయ తెచ్చి బుగ్గన పెట్టుకోమంది. ఇంతమంది స్పెషలిస్టులు ఏ కార్పొరేట్ ఆసుపత్రిలో ఉన్నారు చెప్పండి?

అయినా తగ్గక భద్రాచలం వెళ్లాను. అక్కడి డాక్టరుగారు ఏడు రోజుల మాత్రలు రాసి, తగ్గినా ఆపొద్దన్నారు. మూడో రోజుకు తగ్గింది. ఆపేశాను! అదే రోజు జంపక్క గొంతు పట్టుకుని వచ్చింది.

"సారూ, ఉమ్మి గూడ మింగలేకపోతున్న. బస్సెక్కి పోతే ఇయ్యాల్టి కూలి పోతది."

మిగిలిన మాత్రలు ఆమె చేతిలో పెట్టాను. ఇరుగుపొరుగన్నాక కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకోమా, మాత్రలకేం వచ్చింది? చెరో సగం వైద్యం చేసుకున్నాం. ఆదివారానికి ఇద్దరికీ రెట్టింపు వాపుతో తిరగబెట్టింది.

సోమవారం ఆఫీసరు ముందు ఇద్దరం మూగనోము పట్టినట్టు నిలబడ్డాం.

"ఏంది, చెప్పుండ్రి. డాక్టర్ కావాల్నా, వద్దా?"

నోళ్లు తెరిచి చూపించాం. నేను కాగితం మీద రాసిచ్చాను.

"అర్జీ ఉండనే ఉన్నది, మళ్ల కాగితమెందుకు? నోటితోని చెప్పాలె," అని కాసేపు చూసి, గుమాస్తా వైపు తిరిగాడు. "ఏం ఫిర్యాదు లేదంట, రాసుకో."

సాయంత్రానికి ఫోనుకు మెసేజ్ వచ్చింది. అర్జీదారులు సంతృప్తి చెందినందున ఫైలు మూసివేయడమైనదట! పద్నాలుగు నెలలు మేం అరిచినా కదలని ఫైలును టాన్సిల్స్ ఒక్క పూటలో కదిలించాయి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జంపక్క మాత్రం ఏడ్చింది, శబ్దం రాకుండా.

ఈసారి ఇద్దరం కలిసి భద్రాచలం వెళ్లాం. ఎవరి మాత్రలు వాళ్లు, ఏడు రోజులూ బుద్ధిగా మింగాం. వాపు తగ్గిపోయింది. ఆ వచ్చే సోమవారం జంపక్క మండలాఫీసు కప్పు ఎగిరేలా అడిగింది.

"డాక్టరెప్పుడొస్తడు సారూ? మా పిల్లకు మళ్ల ఫిట్సొస్తే యాడికి ఉరకాలె?"

ఆఫీసరు ఆమెను ఎగాదిగా చూశాడు.

"గొంతు గింత మంచిగుంది గదక్కా! ఇంక నీకు డాక్టరెందుకు?"